బండికి చట్టం ఉందా?

సంతకు పోయిన ఎద్దుల బండి రాత్రికి తిరిగి వస్తోంది. తోలేవాడు తాగి బండిలోనే పడుకున్నాడు. "ఏం కాదులే, ఎద్దులే ఇంటికి తెస్తాయి" అంటారు ఊళ్లో పెద్దవాళ్లు.

నిజమే. ఎద్దులకు ఇంటి దారి తెలుసు. కానీ ఎదురుగా వచ్చే లారీ సంగతి వాటికేం తెలుసు? చీకట్లో దీపం లేని బండి రోడ్డుకు అడ్డంగా ఆగితే, మోటారు సైకిలు మీద వచ్చేవాడు దాన్ని గుద్దుకుంటాడు.

తాగి బండి నడపకూడదని 1988 మోటారు వాహనాల చట్టంలో ఉంది. అది 185వ సెక్షను. ఎద్దుల బండికి మోటారు లేదు. అందుకని ఆ సెక్షను దానికి రాదు. తొక్కే సైకిలుకూ, తొక్కే రిక్షాకూ రాదు.

అలాగని బండివాడికి చట్టమే లేదనుకోకూడదు. ప్రాణాలకు ముప్పు వచ్చేలా దారిలో ఏ బండి తోలినా నేరమే. భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షను ఆ మాట చెబుతోంది. 6 నెలల దాకా జైలు, లేదా 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఇంగ్లండులో మోటారు కార్లు రాకముందే, 1872లో ఒక చట్టం చేశారు. తాగి గుర్రాన్ని గానీ, పశువులను గానీ, బండిని గానీ దారిలో తోలితే శిక్ష. ఆ చట్టం ఇప్పటికీ ఉంది.

మరి ట్రాక్టరు? "పొలం పనికి వాడేదే కదా" అంటారు. కాదు, అది మోటారు బండే. లారీకి ఏ శిక్షో దానికీ అదే. డ్రైవరు చేత పోలీసులు చిన్న మిషనులోకి ఊదిస్తారు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే కేసు పెడతారు. మొదటిసారి అయితే 6 నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. 2019కి ముందు జరిమానా 2,000 రూపాయల దాకానే ఉండేది.

ఎద్దుల బండికీ పదివేలు వేయాలా? అక్కర్లేదు. వేస్తే ఆ డబ్బుకు భార్య పుస్తెలు తాకట్టుకు పోతాయి. నెమ్మదిగా పోయే బండికి చిన్న శిక్ష చాలు. ట్రాక్టరు దగ్గర మాత్రం జాలి పనికిరాదు. అది బోల్తా పడితే ట్రాలీ కింద నలిగేది మిరప కోతకు పోయిన ఆడకూలీలే. అసలు ట్రాలీ ఉన్నది సరుకులకు, మనుషులకు కాదు.

డ్రైవరు తాగాడని ఒక్కతే దిగిపోతే ఆమెకు రేపు పని ఉండదు. అందరూ దిగితే మేస్త్రి ఇంకో డ్రైవరును వెతకక తప్పదు. పండిన కాయ ఆగదు కదా!

పోలీసులను పిలిచే ఫోను నంబరు 112. దానికి డబ్బులు పడవు.