బావిగట్టున గిజిగాని గూళ్లు

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మెట్టసీమలో తొలకరి కురిసి చేలు పచ్చబడిన పిదప, పాత మోటబావుల మీదికి వంగిన ఈతమట్టలకును, తుమ్మకొమ్మలకును గిజిగాని గూళ్లు వ్రేలాడుచుండుట చదువరులెల్లరు ఎరిగినదే. జాషువ కవి ‘గిజిగాడు’ ఖండికను చదివినవారు ఆ పక్షి నేర్పును తలంతురు. ఆ నేర్పు ఫలించుటకు భూమిగల గృహస్థు చేయదగినదేమియో తెలిసికొనుట ఈ పాఠమునకు ప్రయోజనము.

గూడు అల్లువాడు మగపక్షి. వరియాకుల నుండియు, పొడవైన గడ్డి నుండియు, తాటి, ఈత ఆకుల నుండియు సన్నని పీలికలు చీల్చి తెచ్చును. గూడు టోపీ ఆకారమునకు వచ్చునప్పటికి పని నిలిపి, ఆడపక్షి రాకకై వేచియుండును. ఆమె వచ్చి చూచి అంగీకరించినచో మిగిలిన భాగమును, క్రిందికి దిగు గొట్టమును ముగించును. లేనిచో అది సగములోనే నిలిచిపోవును. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ 1930లో కొంకణ తీరమందలి కిహీం గ్రామమున ఈ పక్షులను గమనించి, ఒకే మగపక్షి ఒక గూటి వెనుక మరియొక గూడు అల్లి, వేర్వేరు ఆడపక్షులకు ఇచ్చునని తెలిపెను. ఆడపక్షి రెండు మొదలు నాలుగు గ్రుడ్లు పెట్టి, రమారమి రెండు వారములు పొదుగును. పిల్లలు ఎగురుటకు మరి రెండు వారములకు పైగా పట్టును.

ఇంతటి పనివానికిని మూడు వస్తువులు పరులు మిగుల్చవలసినవే. వంగిన కొమ్మ, దాని క్రింద నీరు, చేరువలో పొడవైన గడ్డి. కొమ్మ నీటిపై వ్రేలాడినచో పాములును పిల్లులును గూటిని చేరుట కష్టము. మన మెట్టపొలములలో ఈ మూడును ఒక్కచోట కూడియుండునది పాతబావి. బోరుబావులు వచ్చిన తరువాత అనేకమైన పాతబావులు వాడుక తప్పినవి. వానిని పూడ్చి చేనిలో కలుపుకొనుచున్నారు. ఒక బావి పూడినచో చెట్టు, నీరు, గట్టుమీది గడ్డి, మూడును ఒక్కమారే పోవును.

“గిజిగాడు జొన్నకంకులను, వరివెన్నులను తినును గదా!” యని రైతు అడుగవచ్చును. తినును, దానిని దాచనక్కరలేదు. అయినను తన పిల్లలకు పురుగులను తెచ్చి పెట్టును. ఈ లాభనష్టముల లెక్క చేనికొక తీరుగా నుండును. నష్టమునకు ఓర్చినవారు మన పొరుగుననే కలరు. కర్ణాటకమున మండ్య జిల్లా కొక్కరెబెళ్లూరులో కొంగలును గూడబాతులును గ్రామస్థుల సొంత చింతచెట్లపై గూళ్లు కట్టును. చింతపండు చెడినను వారు పక్షులను తరుమలేదు. అటవీశాఖ చెట్ల యజమానులకు పరిహారమిచ్చుచు వచ్చినది. 2007లో ఆ గ్రామము సాముదాయిక రక్షితప్రాంతమైనది. మన గిజిగానికి పరిహారమిచ్చువారు లేరు. కావున ఆ గుప్పెడు గింజలను దాసోహముగా తలంచుటయే మనకు తగును.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వన్యపక్షుల గ్రుడ్లకు, గూళ్లకు భంగము కలిగించుటను వేటగానే ఎంచినది. చట్టము గూటిని కాపాడవచ్చును. గూడు వ్రేలాడు కొమ్మను మిగుల్చువాడు మాత్రము రైతే.

ఆచరింపదగిన విషయములు:

1. వాడుకలో లేని బావిని పూడ్చుటకు మారుగా, పిల్లలును పశువులును పడకుండ చుట్టును గోడయో, గట్టి కంచెయో వేయుడు. మఠముల భూములలోని బావులకును ఇదియే వర్తించును.

2. బావిపైకి వంగిన చెట్టును నరుకకుడు. మట్టలు కొట్టవలసినచో వేసవిలోనే ముగింపుడు, వానకాలమున ముట్టకుడు.

3. గట్టుపై ఒక బారెడు వెడల్పున గడ్డిని కోయక విడువుడు. గూళ్లు ఉన్నంతకాలము అచ్చట పురుగుమందు చల్లకుడు.

4. అలంకారమునకై గూళ్లను తెంపకుడు. సగము గూడు ఆడపక్షికై వేచియున్నదై యుండవచ్చును. పాత గూటిలో వేరు చిన్నపక్షులు చేరవచ్చును. పాఠశాలలో చూపుటకు నేల రాలిన గూడు చాలును.

విద్యార్థులకు అభ్యాసము: శ్రావణమాసమున పెద్దల వెంట పొలమునకు పోయి, దూరము నుండియే చూచి, మీ ఊరిలో ఎన్ని పాతబావులు మిగిలినవో, వానిపై నిండుగూళ్లు ఎన్నియో, టోపీగూళ్లు ఎన్నియో లెక్కించి వ్రాసికొనుడు. మరుసటి శ్రావణమున మరల లెక్కించి, సంఖ్య తగ్గినచో ఏ బావి పూడినదో, ఏ చెట్టు కూలినదో ఇంటి పెద్దలను అడిగి తెలిసికొనుడు.