కాలి లోపలి సిరల కవాటాలకు ఆపరేషన్ – ఎవరికి, ఎప్పుడు?

చీలమండకు కొంచెం పైన, లోపలివైపున పుండు. నెలల తరబడి కట్లు కట్టిస్తే మానుతుంది, కొన్నాళ్ళకు మళ్ళీ అక్కడే లేస్తుంది. చుట్టూ చర్మం నల్లబడి గట్టిపడుతుంది. "పైకి ఉబ్బిన నరాలు ఆపరేషన్ చేసి తీసేశారు కదండీ, ఇంకా ఎందుకు మానదు?" అని రోగి బంధువులు అడుగుతుంటారు. అడగవలసిన ప్రశ్నే.

కాలి రక్తంలో ఎక్కువ భాగం గుండెకు చేరేది పైకి కనిపించే సిరల ద్వారా కాదు, కండరాల మధ్య లోతుగా ఉన్న సిరల ద్వారా. నడిచేటప్పుడు పిక్క కండరం రక్తాన్ని పైకి పిండుతుంది. అది తిరిగి కిందికి జారకుండా సిరల్లో రెండేసి పల్చని రెక్కలున్న కవాటాలు తలుపుల్లా మూసుకుంటాయి. అవి సరిగా మూసుకోకపోతే ఎంత నడిచినా చీలమండ దగ్గర ఒత్తిడి తగ్గదు. వాపు, నలుపు, చివరికి పుండు వస్తాయి.

కవాటం రెండు రకాలుగా చెడుతుంది. కొందరిలో రెక్కలు సాగి వేలాడతాయి. మరికొందరిలో ఎప్పుడో సిరలో గడ్డకట్టిన రక్తం వాటిని మచ్చకట్టించి పాడుచేస్తుంది. ఈ తేడా చాలా ముఖ్యం. సాగిన రెక్కలను సన్నని దారంతో కుట్టి బిగించవచ్చు. ఈ పని మొదట 1968లో హొనొలులులో డాక్టర్ రాబర్ట్ కిస్ట్నర్ చేశారు. గజ్జ దగ్గర సిరను తెరిచి కుడతారు, కొందరు సర్జన్లు తెరవకుండా బయటినుండే కుడతారు. గడ్డ వల్ల పాడైన కవాటంలో కుట్టడానికి రెక్కలే సరిగా మిగలవు. అప్పుడు చంకలోని సిర నుండి మంచి కవాటమున్న ముక్క తెచ్చి అమర్చడం వంటివి చేస్తారు. వీటి ఫలితం మొదటి రకమంత ఎక్కువకాలం నిలవదు.

అందుకే ముందు పరీక్షలు కావాలి: నిలబెట్టి చేసే డాప్లర్ స్కానింగ్, అవసరమైతే సిరలోకి మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే. పొత్తికడుపులోని పెద్ద సిర మూసుకుపోయి ఉంటే ముందు దాన్ని తెరవాలి, పై సిరల జబ్బు ఉంటే దానికీ ముందే వైద్యం చేయాలి. ఇవన్నీ చేసి, నెలల తరబడి సరైన ఒత్తిడి కట్టు కట్టినా పుండు తిరగబెట్టేవారికే ఈ ఆపరేషన్. దీన్ని చేసే సర్జన్లు చాలా తక్కువమంది. ఇది తొందరపడవలసిన ఆపరేషన్ కాదు, ఎవరైనా తొందరపెడితే మరొక డాక్టరు సలహా తీసుకోండి.

ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలు రక్తం గడ్డకట్టకుండా మందులు వాడాలి. వార్ఫరిన్ ఇస్తే రక్తపరీక్ష తేదీ తప్పకూడదు, నొప్పి మాత్రలు మెడికల్ షాపులో అడిగి వాడకూడదు. ఆకుకూరలు మానక్కరలేదు, రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో పెట్టండి. ఒత్తిడి మేజోడు పొద్దున మంచం దిగకముందే తొడగాలి. ఎండాకాలం ఉక్కగా ఉందనీ, ఆపరేషన్ అయిపోయిందనీ దాన్ని మూల పడేసేవారే ఎక్కువ! షుగరు ఉన్నవారికి, పొగతాగేవారికి పాదంలోకి రక్తం బాగా వస్తోందో లేదో డాక్టరు చూశాకే బిగుతు కట్టు కట్టాలి.

కాలు ఉన్నట్టుండి వాచినా, ఆయాసం గాని గుండెనొప్పి గాని వచ్చినా, అర్ధరాత్రి అయినా సరే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.