జీవో 111 చెప్పే హైడ్రాలజీ

మేం సివిల్ వాళ్లం రన్‌ఆఫ్ కోఎఫిషియెంట్‌ని పరీక్ష కోసం బట్టీ పట్టేస్తాం. అదెందుకో నాకు జీవో 111 చదివాకే అర్థమైంది. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్‌కి కట్టిన జలాశయాలు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. వాటి చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు వద్దని 1996లో వచ్చిన ఉత్తర్వు ఇది.

చెట్లున్న నేల వాననీటిని ఇంకించుకుని మెల్లగా వదులుతుంది. అదే నేల మీద కాంక్రీటు పోస్తే, నీళ్లు మురుగుని మోసుకుంటూ ఒక్కసారిగా వచ్చి పడతాయి.

2022లో జీవో 69 ఆ ఆంక్షల్ని ఎత్తేసింది. నగరం తాగునీటికి ఇప్పుడు వీటి మీద ఆధారపడటం లేదట. సరే, తాగకపోతే వరద రాదా? పాతికేళ్లుగా భూమికి ధర లేక నష్టపోయామనే రైతుల మాటనీ కొట్టిపారేయలేం. ఆ పరిహారం లెక్కగట్టడం కూడా ప్లానింగ్‌లో భాగమేనని నా అభిప్రాయం.