తిరిగి వచ్చిన తమ్ముడు



పిల్లలు మంత్రగత్తెల కథలు చదువుతుంటే కొందరు తల్లిదండ్రులకు బెంగ. కాని అటువంటి కథ ఒకటి మనకు పాపసంకీర్తనాన్ని గురించి చక్కని పాఠం చెబుతుంది. అది సి.యస్. లూయిస్ 1950లో ప్రచురించిన ‘ది లయన్, ది విచ్ అండ్ ది వార్డ్‌రోబ్’. లూయిస్ ఆంగ్లికన్ సభ విశ్వాసి. యౌవనంలో దేవుడు లేడన్న ఆయన 1931లో తిరిగి క్రీస్తును విశ్వసించడానికి కతోలిక మిత్రుడు టోల్కీన్‌తో జరిపిన సంభాషణ ఎంతో తోడ్పడింది.

పీటర్, సూసన్, ఎడ్మండ్, లూసీ అనే నలుగురు తోబుట్టువులు ఒక బీరువా గుండా నార్నియా దేశంలో అడుగుపెడతారు. అక్కడ మంత్రగత్తె పాలనలో ఎప్పుడూ చలికాలమే, క్రిస్మస్ మాత్రం రాదు. ఆమె పెట్టిన మిఠాయికి, రాజును చేస్తానన్న మాటకు లొంగి ఎడ్మండ్ తనవారికి ద్రోహం చేస్తాడు. చివరకు తానే ఆమెకు బందీ అవుతాడు. అస్లాన్ అనే సింహం తనవారిని పంపి అతణ్ణి విడిపిస్తుంది. ద్రోహి ప్రాణం తనదని మంత్రగత్తె పట్టుబట్టగా, అతనికి బదులు అస్లాన్ తానే ప్రాణమిచ్చి, మరల సజీవంగా లేస్తాడు. ఇది ఎవరిని గుర్తుచేస్తుందో మనకు వేరే చెప్పనక్కరలేదు.

అయితే అంతకుముందు జరిగిన ఒక చిన్న సంగతి గమనించండి. విడుదలై వచ్చిన ఎడ్మండ్‌తో అస్లాన్ ఏకాంతంగా మాట్లాడతాడు. ఆ మాటలేమిటో రచయిత మనకు చెప్పడు. తరువాత అతణ్ణి తోబుట్టువుల వద్దకు తెచ్చి, గడిచినదాన్ని అతని వద్ద ఇక ఎత్తనక్కరలేదంటాడు. ఎడ్మండ్ ఒక్కొక్కరినీ క్షమాపణ అడుగుతాడు, వారు మన్నిస్తారు. ఆ మన్నన పొందినవాడే తరువాత యుద్ధంలో మంత్రగత్తె మంత్రదండాన్ని విరగగొడతాడు. న్యాయవంతుడైన రాజుగా పేరు పొందుతాడు.

మరి మన ఇళ్ళలో? బిడ్డ డబ్బు తీశాడు, అబద్ధమాడాడు. ఏడ్చి ఒప్పుకున్నాడు. గురువు వద్ద పాపక్షమాపణ పొందాడు. ఆరు నెలల తరువాత బంధువుల ముందు, “వీడి సంగతి మీకు తెలియదులెండి” అని మనమే మొదలుపెడతాం. దేవుడు కొట్టివేసిన లెక్కను మళ్ళీ తెరుస్తాం. తప్పిపోయిన కుమారుని ఉపమానంలో (లూకా 15) తండ్రి పాత లెక్క అడగలేదు. అది చదివినవాడు అన్న.

తప్పును దిద్దవద్దని కాదు. తీసిన సొమ్ము తిరిగి ఇప్పించండి. ఆ తరువాత ఆ మాట అంతటితో ముగించండి.

మీ ఇంట్లో ఎవరి పాత తప్పును మీరింకా ఎత్తిచూపుతున్నారు? ఈ ఆదివారం పూజకు వెళ్ళేముందు ఒక్కక్షణం ఆలోచించండి.