సైరన్ మోగితే ఎటు పోవాలి?

2020 మే 7వ తేదీ. తెల్లవారుజామున మూడు గంటల వేళ. విశాఖపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో జనం నిద్రలో ఉన్నారు.

ఊరి పక్కనే ఎల్.జి. పాలిమర్స్ ఫ్యాక్టరీ. అక్కడ ప్లాస్టిక్ సరుకు తయారయ్యేది. దానికి స్టైరీన్ అనే ద్రవం వాడేవారు. పెద్ద పెద్ద ట్యాంకుల్లో నిల్వ చేసేవారు. ఆ రాత్రి ఒక ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి తన్నుకొచ్చింది. ఆ ఆవిరి గాలి కంటే బరువు. ఆకాశంలోకి లేచిపోదు. నేల పట్టుకుని పాకుతుంది. అలా పాకి ఇళ్లలోకి వచ్చింది.

కళ్లు మంటలు. ఊపిరి ఆడలేదు. జనం లేచి వీధిలోకి పరుగెత్తారు. ఎటు పోవాలో తెలియలేదు. కొందరు దారిలోనే స్పృహ తప్పి పడిపోయారు. 12 మంది చనిపోయారు. వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. పశువులూ చచ్చిపోయాయి.

ఫ్యాక్టరీలో సైరన్ లేదా? ఉంది. దాన్ని మోగించడానికి 36 చోట్ల మీటలున్నాయి. గేటు దగ్గర కూడా ఒకటుంది. ఆ రాత్రి ఒక్క మీటా నొక్కలేదు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన కమిటీ తరువాత ఈ సంగతి తేల్చింది.

అసలు ఆవిరి ఎందుకు వచ్చింది? స్టైరీన్‌ను చల్లగా ఉంచాలి. వేడెక్కితే అది తనలో తానే కలిసి చిక్కబడుతుంది. చిక్కబడేటప్పుడు ఇంకా వేడి పుడుతుంది. ఆ వేడికి ఇంకా చిక్కబడుతుంది. పచ్చిగడ్డి వామి వేస్తే లోపల కాగిపోతుంది చూశారా, అలాంటిదే ఇది. అలా జరగకుండా అందులో ఒక మందు కలుపుతారు. చల్లబరిచే యంత్రం పెడతారు. లాక్‌డౌన్ వల్ల ఆ ఫ్యాక్టరీ వారాల తరబడి ఆగి ఉంది. సరుకు మాత్రం ట్యాంకులోనే ఉంది. వేడి కొలిచే పరికరం ట్యాంకు అడుగున ఉంది. పైన ఎంత కాగుతోందో చూసే ఏర్పాటు లేదు. కుండ అడుగు తడిమి చల్లగానే ఉందనుకుంటే ఎలా?

ఫ్యాక్టరీ మూతపడితే ప్రమాదం కూడా ఆగిందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. పనివాళ్లు ఇంటికి పోవచ్చు. ట్యాంకులో రసాయనం ఇంటికి పోదు.

ఇంతకు ముందు ఇంకా పెద్ద ఘోరం జరిగింది. అది భోపాల్‌లో. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి. యూనియన్ కార్బైడ్ వారి పురుగుమందుల ఫ్యాక్టరీ. అక్కడ ట్యాంకులోకి నీళ్లు చేరి విషవాయువు బయటకు వచ్చింది. వేలమంది చనిపోయారు. లక్షల మంది ఆరోగ్యం పాడైంది. ఆ ట్యాంకులో ఏముందో చుట్టుపక్కల బస్తీల వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఏం మందు ఇవ్వాలో డాక్టర్లకే తెలియలేదు.

భోపాల్ తరువాత ప్రభుత్వం మేలుకుంది. ఆలస్యంగానే అనుకోండి. 1986లో పర్యావరణ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద 1989లో ప్రమాదకర రసాయనాల నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం రెండు ప్లాన్లు ఉండాలి.

ఒకటి లోపలి ప్లాను. దీన్ని ఫ్యాక్టరీ వాళ్లు తయారు చేయాలి. గ్యాసు కారితే ఎవరు ఏ వాల్వు కట్టాలి, ఎవరు సైరన్ మోగించాలి, అన్నీ అందులో ఉంటాయి. ఆరు నెలలకోసారి ఉత్తుత్తి ప్రమాదం పెట్టి చూసుకోవాలి. దీన్నే మాక్ డ్రిల్ అంటారు.

రెండోది బయటి ప్లాను. ఇది జిల్లా అధికారుల పని. జనాన్ని ఏ దారిన తరలించాలి, బస్సులెక్కడివి, ఏ ఆసుపత్రిలో చేర్చాలి, ఇవన్నీ అందులో రాయాలి. దీన్ని ఏడాదికోసారి చేసి చూడాలి.

కలెక్టరు గారికి బస్సులున్నాయి, పోలీసులున్నారు. కానీ ట్యాంకులో ఏముందో ఆయనకు తెలియదు. ఫ్యాక్టరీ వాళ్లకు అది తెలుసు. కానీ ఊరు ఖాళీ చేయించే అధికారం వాళ్లకు లేదు. అందుకే ఇద్దరూ కలిసి కూర్చోవాలి. ఇందుకోసమే 1996లో మరికొన్ని నియమాలు వచ్చాయి. జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన ఒక బృందం ఉండాలి. పారిశ్రామికవాడలో స్థానిక బృందం ఉండాలి. అందులో ఫ్యాక్టరీల వాళ్లు, ఫైరాఫీసరు, పోలీసులు, డాక్టర్లు ఉంటారు. సర్పంచికి కూడా చోటుంది. ఈ సంగతి చాలామంది సర్పంచులకే తెలియదు!

ఒక ఊరు ఉందనుకోండి. పక్కనే మందుల ఫ్యాక్టరీ. గ్రామసభ జరుగుతోంది. ఫ్యాక్టరీ సేఫ్టీ ఆఫీసరు కూడా వచ్చాడు. కొత్తగా చదువు నేర్చిన ఒకామె లేచింది.

“బాబూ, మీ ట్యాంకుల్లో ఏముంది?”

“అవి మీకెందుకమ్మా? అన్నీ టెక్నికల్ సంగతులు. మా దగ్గర ప్లాను ఉంది.”

“ప్లాను ఎక్కడుంది బాబూ?”

“ఆఫీసులో, బీరువాలో.”

సభలో నవ్వులు. ఆమె నవ్వలేదు. “గ్యాసు వచ్చినప్పుడు మేం మీ బీరువా దగ్గరికి రావాలా?” అంది.

సర్పంచి గారు కలగజేసుకుంది. “ఆఫీసరు గారూ, చుట్టుపక్కల వాళ్లకు చెప్పమని నియమాల్లోనే ఉందటగా? ఏ ప్రమాదం రావచ్చు, వస్తే ఏం చేయాలి, ఏం చేయకూడదు, అన్నీ చెప్పాలట.”

ఆఫీసరు కాసేపు మాట్లాడలేదు. తరువాత “నిజమేనండి, చెప్పాలి” అన్నాడు. నల్లబల్ల తెప్పించాడు. అమ్మోనియా అని రాశాడు. ముక్కు పగిలేంత ఘాటు వాసన వస్తుందని చెప్పాడు. ఇంకా ఇలా చెప్పాడు:

“సైరన్ మోగితే ముందు గాలి ఎటు వీస్తోందో చూడండి. మా ఫ్యాక్టరీ మీద గాలి సంచి ఎగురుతుంది. చెట్ల కొమ్మలు చూసినా తెలుస్తుంది. గాలి పోయే వైపే మీరూ పరుగెత్తకండి. గ్యాసు మీ వెంటే వస్తుంది. ఫ్యాక్టరీ వైపూ రాకండి. గాలికి అడ్డంగా, పక్కకు పోవాలి. చాలా గ్యాసులు పల్లంలో నిలుస్తాయి. వాగుల్లో, గుంటల్లో దాక్కోవద్దు. తడిగుడ్డ ముక్కుకు, నోటికి కట్టుకోండి. పొయ్యి ఆర్పేయండి. బీడీ వెలిగించకండి.”

“బయటికి పోయే వీలు లేకపోతే?” అని అడిగింది ఆమె.

“ఇంట్లోనే ఉండండి. తలుపులు, కిటికీలు మూసి, సందుల్లో తడిగుడ్డలు కుక్కండి. కళ్లు మండితే మంచినీళ్లతో కడుగుతూ ఉండండి. 101కి ఫోను చేస్తే ఫైరింజను, 108కి చేస్తే అంబులెన్సు వస్తాయి. 112కి చేసినా సరే.”

“మరి నడవలేని ముసలివాళ్లు?”

దీనికి ఆఫీసరు దగ్గర జవాబు లేదు. ఏ వీధిలో ఎంతమంది ఉన్నారో అతనికి తెలియదు. ఆ సంగతి ఊరికే తెలుసు. ఎవరింట్లో మంచం పట్టినవాళ్లున్నారో ఆశా కార్యకర్త రాసుకొస్తానంది. వాళ్లను ఎక్కించుకోవడానికి ట్రాక్టరున్న ముగ్గురు ఒప్పుకున్నారు. ఆ జాబితా మండలాఫీసుకు ఒకటి, ఫ్యాక్టరీకి ఒకటి పంపాలనుకున్నారు.

ఆ నెలాఖరులో పంచాయతీ గోడ మీద మాక్ డ్రిల్ తేదీ రాశారు. మంగళవారం ఉదయం పది గంటలకు. ఆమె కూడబలుక్కుని చదివింది. ఆ రోజు కూలికి రానని మేస్త్రీకి ముందే చెప్పేసింది.