పగయా, బాధ్యతయా?

2008లో వెలువడిన ‘క్వాంటమ్ ఆఫ్ సొలేస్’ అను ఆంగ్ల చలనచిత్రములో గూఢచారి జేమ్స్ బాండ్‌ను నడిపినది పగయా, బాధ్యతయా? 2006 నాటి ముందటి కథలో అతడు ప్రేమించిన వెస్పర్ మరణించెను. ఆమెను వలలో వేసిన మోసగానితో తనకు పని లేదని బాండ్ చెప్పును. అయితే సమాచారము తెలిసినవారు అతని చేతిలో వరుసగా చచ్చుచుండగా, పై అధికారిణి ఎమ్ ఆ మాట ఎట్లు నమ్మును?

కడపట రష్యాలోని కజాన్‌లో ఆ మోసగాడు చేజిక్కెను. బాండ్ వానిని చంపక, విచారణకు ప్రాణముతో అప్పగించెను. పగకు శవము చాలును. బాధ్యతకు సాక్ష్యము కావలెను. అతని మనస్సులో పగ లేదని మనము చెప్పజాలము. చంపగలిగిన గడియలో అతడు పగ మాట వినలేదు, అంతే.

మనకు అన్యాయము జరిగిన దినమున మనము కోరునది నిజము బయటపడుటయా, ఎదుటివాడు చెడుటయా? ఆలోచించుకొందము.