భయమును బుట్టించు కణములు, భయము నణచు కణములు

సంధ్యవేళ ఇంటికి మరలుచుండగా త్రోవకు అడ్డముగా పడియున్న త్రాటిని జూచి పామని యులికిపడని వారెవరు? కాలు వెనుకకు దుముకును, గుండె దడదడ కొట్టుకొనును, అఱచేతులు చెమర్చును. అది త్రాడే యని మనస్సు తెలిసికొనుట అటుతరువాత. మన మాలోచింపక మునుపే మనచేత నిట్లు చేయించుటలో మెదడులోని యొక చిన్న భాగమునకు ముఖ్యమైన పాలు గలదు. దాని పేరు అమిగ్డలా. అందలి వేర్వేరు జాతుల కణములు చేయు పనులను గుఱించి విద్యార్థులకును, వారి తలిదండ్రులకును కొంత తెలుపవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాను. ఇది శాస్త్రపాఠమే యైనను, తరగతిగదితోడను ఇంటితోడను దీనికి దగ్గఱి సంబంధము గలదు.

అమిగ్డలా యనగా గ్రీకు భాషలో బాదముకాయ. ఆ యాకారమును బట్టియే 19వ శతాబ్దపు తొలిభాగమున జర్మను శరీరశాస్త్రజ్ఞుడగు కార్ల్ బుర్డాఖ్ దీనికి ఈ పేరు పెట్టెను. కుడి యెడమ కణతలకు లోపల, లోతున, ప్రక్క కొక్కటి చొప్పున ఇవి రెండు గలవు. 1930–40 నడుమ షికాగో విశ్వవిద్యాలయమున క్లూవర్, బ్యూసీ యను నిరువురు కోతుల మెదడులో రెండు కణతలవైపు భాగములను, అమిగ్డలాతో గూడ, తొలగించి చూచిరి. అంతకుముందు పామును జూచి పాఱిపోవు కోతులు పిమ్మట నిర్భయముగా దానిని సమీపించెను. అమిగ్డలాను మాత్రమే తొలగించినను భయము తగ్గునని 1956లో వైస్‌క్రాంట్జ్ చూపెను. ఐనను భయమొక్కటే దీని పని యని తలపరాదు. తీయని పదార్థము దొరకినప్పుడు మేల్కొను కణములును ఇందు గలవు. ఈ పాఠమున భయమును మాత్రమే విచారింతము.

అమిగ్డలా ఒకే ముద్ద గాదు. అనేక కణసమూహముల కూడిక. వానిలో రెండింటిని మనము గుర్తుంచుకొనవలెను. మొదటిది ప్రక్కభాగము. కన్నులు, చెవులు, చర్మము తెచ్చు వార్తలు ముందుగా నిచ్చటికి వచ్చును. రెండవది నడిమిభాగము. శరీరమునకు ఆజ్ఞలు ముఖ్యముగా ఇచ్చటనుండి వెడలును. ఒకటి లోనికి వచ్చు వాకిలి. రెండవది బయటికి పోవు వాకిలి.

ప్రక్కభాగపు నాడీకణములలో ఐదింట నాలుగుపాళ్లు ప్రధానకణములు. ఇవి గ్లూటమేట్ అను ద్రవ్యమును విడిచి, తమతో కలిసియున్న కణములను ఉసికొల్పును. మిగిలిన యైదవపాలు చిన్న కణములు. ఇవి గాబా యను ద్రవ్యమును విడిచి, ప్రక్కనున్న కణముల నణచును. తక్కువ సంఖ్యలో నున్నవని వీనిని తక్కువగా నెంచరాదు. పగ్గము లేని గుఱ్ఱమెట్టిదో ఈ కణములు లేని మెదడట్టిది.

భయము నేర్చుకొనుట యెట్లు జరుగునో ఎలుకలయందు పరీక్షించి తెలిసికొనిరి. గంటధ్వని విన్న యెలుక మొదట లక్ష్యపెట్టదు. ధ్వనితోపాటు కొలదిగా విద్యుత్తు తగిలించినచో, రెండు వార్తలును ప్రక్కభాగమున అవే ప్రధానకణములను చేరును; వాని నడుమ సంబంధము బలపడును. పిమ్మట ధ్వని యొక్కటియే చాలును. ఎలుక కదలక మెదలక బిగిసిపోవును. న్యూయార్కున జోసెఫ్ లెడూ మొదలగు వారు ఈ మార్గమును విశదపఱచిరి.

ఈ నేర్పునందు అణచు కణముల పాత్ర మిక్కిలి వింతయైనది. వానిలో పార్వాల్‌బ్యుమిన్ అను మాంసకృత్తు గలవి యొక జాతి. సొమాటోస్టాటిన్ గలవి మఱియొక జాతి. రెండవ జాతివి ప్రధానకణముల కొమ్మలను పట్టి యాపుచుండును. ధ్వని వినబడగానే మొదటి జాతి మేల్కొని రెండవ జాతి నణచును. అంతట ఆ కొమ్మలు విడుదల పొంది ధ్వనిని చక్కగా నందుకొనును. విద్యుత్తు తగిలిన క్షణమున రెండు జాతులును మౌనము వహించును. పాఠము గట్టిగా నాటుకొనును. స్విట్జర్లాండులోని బాసెల్ నగరమునుండి 2014లో ఈ సంగతి వెల్లడియయ్యెను. నడిమిభాగమునందును ఇట్టి యేర్పాటే కలదని 2010లో తెలిసెను. అచ్చట పి.కె.సి. డెల్టా యను మాంసకృత్తు గల కణములు ఆజ్ఞలు పంపు కణములను అదిమియుంచును. భయసూచకమైన ధ్వని రాగానే వేఱొక జాతి కణములు లేచి వీనిని అణచును. అప్పుడు ఆజ్ఞ వెడలి దేహము బిగియును. కావలివానిని నిద్రపుచ్చి తలుపు తెఱచుట వంటిదే ఈ పని.

మఱి నేర్చిన భయము పోవుట యెట్లు? ధ్వనిని మరల మరల వినిపించుచు విద్యుత్తు తగిలింపనిచో ఎలుక క్రమముగా శాంతించును. పాత పాఠము చెఱిగిపోయెనని మన మనుకొందుము. అది సరికాదు. 2008లో బాసెల్ శాస్త్రజ్ఞులు చూచినది యేమనగా, భయవేళ పనిచేయు కణములు కొన్ని, శాంతివేళ పనిచేయు కణములు వేఱు కొన్ని. ఎలుకను మఱియొక చోటికి మార్చి ధ్వని వినిపింపగా భయకణములు తిరిగి లేచినవి. ప్రక్కభాగమునకును నడిమిభాగమునకును నడుమ చిన్న గుంపులుగా నున్న మఱికొన్ని గాబా కణములును ఈ శాంతికి తోడ్పడును. కావున భయము పోవుటయనగా పాతవ్రాతను తుడుచుట గాదు. దాని ప్రక్కను క్రొత్తవ్రాత వ్రాయుట.

ఎలుకలయందు కనుగొన్న ప్రతిదానిని మనుష్యులకు అన్వయింపరాదు. ఐనను భయపడిన వస్తువును క్షేమముగా, కొంచెము కొంచెముగా, పలుమాఱు లెదుర్కొనుట మనుష్యుల భయమును తగ్గించునని వైద్యులకును అనుభవమే.

నా ఉద్యోగపు తొలియేండ్లలో ఒక బాలిక పలకమీద లెక్కలన్నియు సరిగా చేసెడిది. నల్లబల్లయొద్ద ఒకనాడు తప్పుచేయగా నేను బిగ్గఱగా గద్దించితిని; తరగతి యంతయు నవ్వెను. అది మొదలు బల్ల కడకు పిలిచినంతనే ఆమె నోరు పెగలకుండెను. "భయమెందుకమ్మా" అని యెన్నిమాఱు లన్నను ఫలము లేకపోయెను. మాటతో తీఱునది కాదని నా కప్పుడు తెలియదు. పిమ్మట ప్రతిదినము బడి విడిచిన తరువాత, స్నేహితురాలి నొకతెను తోడుంచి, సులభమైన లెక్క నొకదానిని బల్లమీద చేయించితిని. నెలలు పట్టెను. పరీక్షాధికారి వచ్చిన దినమున భయము మరల తలయెత్తెను, మరల మొదలుపెట్టితిమి. సంవత్సరాంతమున ఆమె తరగతి యెదుట నిలిచి లెక్క చేసి చూపెను. ఒక్క నిమిషములో నేను నేర్పిన భయమును మాన్పుటకు ఒక సంవత్సరము పట్టెను.

పిల్లలను కొట్టుటయు, మనస్సు నొచ్చునట్లు హింసించుటయు 2009 విద్యాహక్కు చట్టము నిషేధించినది. చట్టము లేకున్నను ఈ చిన్న కణములే మనకు తగిన బుద్ధి చెప్పుచున్నవి. తలిదండ్రులారా, తగ్గినదనుకొన్న భయము క్రొత్తచోట తిరిగి వచ్చినచో బిడ్డను నిందింపకుడు. అది మొండితనము గాదు. విద్యార్థులారా, భయము కలిగినందుకు సిగ్గుపడకుడు. ధైర్యవంతుడనగా భయము లేనివాడు కాడు. క్షేమమును పలుమాఱు నేర్చుకొన్నవాడు.

ఏలీయా ప్రవక్త ప్రాణభీతితో అరణ్యమునకు పాఱిపోయి బదరీవృక్షము క్రింద పడియుండగా, దేవుని దూత అతనిని గద్దింపలేదు. రొట్టెయు నీళ్లును ఇచ్చెను, నిద్రపోనిచ్చెను, రెండవమాఱు వచ్చి మరల ఇచ్చెను. పిమ్మటనే అతడు లేచి నడచెను. భయపడిన బిడ్డయొద్దకు మనమును రెండవమాఱు పోవుదము.